సెప్సిస్ తగ్గిందన్న తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్ల సంగతేమిటి? – బహిరంగ లేఖ

ఇంటెన్సివ్ కేర్ వైద్యులకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు, ఆరోగ్య శాఖల అధికారులకు, వైద్య పరిశోధనలకు నిధులిచ్చే సంస్థలకు,

నమస్కారం.

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఐసీయూ నుంచి వచ్చే బ్లడ్ శాంపిళ్ళు, కల్చర్ సీసాలు, వాటి రిపోర్టులు, ఇదే నా పని. సెప్సిస్ నుంచి బయటపడ్డవాళ్ళు కొద్ది వారాలకే ఇంకో ఇన్ఫెక్షన్‌తో ఎందుకు పడిపోతున్నారు, దాన్ని తగ్గించడానికి ఇప్పుడే చేయగలిగింది ఏముంది అని వివరంగా రాసి మా ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి ఇచ్చాను. "చూద్దాం" అన్నారు. ఆరోగ్య శాఖకు పంపాను. దరఖాస్తు అందినట్టు ఒక నంబరు వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఐసీయూల్లో రాత్రీ పగలూ నిలబడి పనిచేసేవాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. సెప్సిస్‌తో వచ్చిన మనిషికి మొదటి గంటల్లో యాంటీబయాటిక్, సెలైన్, బీపీని నిలబెట్టే మందులు ఇచ్చే పద్ధతి ఇరవై ఏళ్ళలో చాలా మెరుగుపడింది. దానివల్ల బతికినవాళ్ళు ఎందరో ఉన్నారు. నా ఫిర్యాదంతా ఆ తర్వాతి వారాల గురించి.

అసలు జరిగేదేమిటి

సెప్సిస్ అంటే రక్తంలో క్రిములు చేరడం మాత్రమే అని చాలామంది అనుకుంటారు. ఇన్ఫెక్షన్‌కు శరీరం స్పందించే తీరే అదుపు తప్పి, కిడ్నీలు, ఊపిరితిత్తులు, గుండె లాంటి అవయవాలను దెబ్బతీయడం సెప్సిస్. 2016లో వచ్చిన అంతర్జాతీయ నిర్వచనం సారాంశం కూడా ఇదే. 2017 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో సుమారు 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందనీ, 1.1 కోట్ల మంది చనిపోయారనీ 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా. అంటే ఆ ఏడాది మరణాల్లో దాదాపు ఐదింట ఒకటి. అదే 2017 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ సెప్సిస్ నివారణ, గుర్తింపు, చికిత్సలపై తీర్మానం చేసింది. సభ్య దేశాలన్నీ దానికి తల ఊపినవే.

అదుపు తప్పిన ఆ స్పందనకు రెండో ముఖం ఉంది. శరీరం ఒకపక్క మంటతో (ఇన్‌ఫ్లమేషన్‌తో) ఊగిపోతుండగానే, ఇంకోపక్క రక్షణ కణాలు కుప్పకూలుతుంటాయి. ఇది మొదటి రోజుల్లోనే మొదలవుతుంది, కొందరిలో వారాలు, నెలలు సాగుతుంది. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు పెద్ద సంఖ్యలో తమంతట తామే చచ్చిపోతాయి. మిగిలినవాటి మీద పీడీ-1 అనే ప్రోటీన్ లాంటి బ్రేకులు పడతాయి, ఉన్నా పని చేయవు. మోనోసైట్లు అనే ఇంకో రకం తెల్ల రక్తకణాల పని, పట్టుకున్న దొంగను పదిమందికీ చూపించినట్టు, మింగిన క్రిమి ముక్కను మిగతా కణాలకు చూపించడం. అలా చూపించడానికి వాటి ఒంటి మీద ఉండాల్సిన హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే ప్రోటీన్ బాగా తగ్గిపోతుంది. వైద్యులు దీన్ని ఇమ్యూనోపెరాలిసిస్ అంటారు.

ఇదేమీ ఊహ కాదు. 2011లో అమెరికా పరిశోధకులు ఐసీయూలో సెప్సిస్‌తో చనిపోయిన 40 మంది ప్లీహం, ఊపిరితిత్తుల కణజాలాన్ని మరణించిన కొద్దిసేపటికే తీసి పరీక్షించారు. ప్లీహం కణాలను ప్రేరేపించి చూస్తే, సెప్సిస్ లేనివాళ్ళ కణాలు విడుదల చేసిన సైటోకైన్లలో (రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లలో) పదో వంతు కూడా చాలావరకు రాలేదు. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఎవరు అపాయం? ఆరోగ్యవంతుణ్ణి పెద్దగా పట్టించుకోని క్రిములే. అసినెటోబాక్టర్, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్, క్యాండిడా ఫంగస్. ఒంట్లో ఎప్పటినుంచో నిద్రపోతున్న వైరస్‌లు కూడా లేస్తాయి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో సెప్సిస్ రోగుల్లో 40 శాతానికి పైగా మందిలో సైటోమెగలో, హెర్పిస్ లాంటి వైరస్‌లు రెండు అంతకన్నా ఎక్కువే కనిపించాయి.

రిపోర్టులో ఉండి కూడా కనిపించని అంకె

మా అక్క రిపోర్టే చెబుతాను. కిడ్నీ ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్‌తో వేరే ఆసుపత్రిలో చేరింది. చేరిన రోజు సీబీపీలో (రక్తకణాలు లెక్కపెట్టే పరీక్షలో) టోటల్ కౌంట్, అంటే తెల్ల రక్తకణాల మొత్తం సంఖ్య, 24,000. నాలుగో రోజుకు 11,000కు దిగింది. వార్డులో అందరి ముఖాలూ తేలికపడ్డాయి, ఇన్ఫెక్షన్ లొంగుతోందని. అదే కాగితం మీద నాలుగు వరుసల కింద, పాలీమార్ఫ్స్ 92, లింఫోసైట్లు 4, మోనోసైట్లు 3, ఇసినోఫిల్స్ 1 అని తెల్ల రక్తకణాల రకాలు శాతాల్లో ఉన్నాయి. 11,000లో 4 శాతం అంటే 440. పెద్దవాళ్ళలో లింఫోసైట్లు మామూలుగా 1,000కి పైగా ఉండాలి. ఆ లెక్క రిపోర్టులో లేదు, శాతం ఒక్కటే ఉంది. డ్యూటీ డాక్టరుగారికి చెప్పాను. "కౌంట్ తగ్గుతోంది కదండీ, టెన్షన్ పడకండి" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆయనకు నేర్పిన పద్ధతిలో ఆ వరుసకు చోటు లేదు.

బీపీ మందు ఆపేశాక కూడా మెడలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం), యూరిన్ క్యాథెటర్ చాలా రోజులు అలాగే ఉన్నాయి. యాంటీబయాటిక్ "సేఫ్టీ కోసం" ఇంకో వారం పొడిగించారు. డిశ్చార్జి సమ్మరీలో సెప్సిస్ తగ్గిందనీ, రెండు వారాలకు రివ్యూకు రమ్మనీ రాశారు. జాగ్రత్తల కింద రాసింది "మంచి ఆహారం, విశ్రాంతి". రివ్యూ తేదీ రాకముందే ఆయాసం మొదలైంది. న్యుమోనియా. కల్చర్‌లో చాలా మందులకు లొంగని క్లెబ్సియెల్లా పెరిగింది. ఈసారి అక్క తిరిగి రాలేదు.

"మొదటి ఇన్ఫెక్షన్ పూర్తిగా పోయిందన్నారు కదా, మరి ఇదెక్కణ్ణుంచి వచ్చింది?" అని మా బావగారు అడిగారు. ఎవరూ సమాధానం చెప్పలేదు. లైన్ ముందే తీసేసి ఉంటే, మందు ముందే ఆపి ఉంటే అక్క కచ్చితంగా బతికేదని నేను అనను. అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఆవిడ రక్షణ కణాలు అడుగంటాయన్న సంగతి తెలుసుకునే వీలు నాలుగో రోజునే ఉంది. దాన్ని బట్టి చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి ఎవరూ చేయలేదు. ఇలాంటి రిపోర్టులు మా ల్యాబ్ నుంచి రోజూ పోతూనే ఉన్నాయి.

2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రక్తంలో బ్యాక్టీరియాతో, సెప్సిస్‌తో ఉన్న 335 మందిని గమనించారు. నాలుగో రోజుకు కూడా లింఫోసైట్లు 600 దాటనివాళ్ళలో కొత్త ఇన్ఫెక్షన్లూ ఎక్కువే, మరణాలూ ఎక్కువే. ఇందుకు కొత్త మెషిన్ అక్కర్లేదు. ప్రతి ల్యాబ్‌లోనూ ఉన్న సీబీపీ ఎనలైజరే చాలు.

దీని భారం ఎవరి మీద పడుతోంది

1. కుటుంబాల మీద. "తగ్గింది" అన్న మాట విని ఇంటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ జ్వరం వస్తే "నీరసం వల్ల వచ్చిందిలే" అని ఒకటి రెండు రోజులు ఆగుతారు. సెప్సిస్‌లో ఆ ఒకటి రెండు రోజులే కీలకం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆసుపత్రుల రికార్డులతో చేసి 2017లో ప్రచురించిన విశ్లేషణలో, మొదటి చికిత్స పూర్తవడం గంట ఆలస్యమైన కొద్దీ మరణావకాశం సుమారు 4 శాతం చొప్పున పెరిగింది. ఆసుపత్రి లోపల గంటలు లెక్కపెడతారు. బయట రోజులు పోతుంటే ఎవరూ లెక్కపెట్టరు.

2. మళ్ళీ అడ్మిట్ అయ్యేవాళ్ళ మీద. 2015లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, తీవ్రమైన సెప్సిస్ నుంచి బయటపడి ఇంటికి వెళ్ళిన పెద్దవయసువాళ్ళలో 42.6 శాతం మంది 90 రోజుల్లోపే మళ్ళీ ఆసుపత్రి పాలయ్యారు. మళ్ళీ సెప్సిస్‌తోనే వచ్చినవాళ్ళు 6.4 శాతం. ఇతర జబ్బులతో చేరి వెళ్ళిన అలాంటి రోగుల్లో ఇది 2.8 శాతమే. మొదటిసారికే సెలవులన్నీ వాడేసి, అప్పులు చేసి, వంతులేసుకుని కాపలా ఉన్న ఇల్లు రెండోసారికి దేన్ని పట్టుకుని నిలబడాలి? చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు ఉద్యోగం మానేస్తారు. అది సాధారణంగా ఇంటి ఆడవాళ్ళే. ఏ రిజిస్టర్‌లోనూ ఆ నష్టం ఎక్కదు.

3. ఆ తర్వాత నెలల్లో చనిపోయేవాళ్ళ మీద. సెప్సిస్ నుంచి బయటపడ్డ పెద్దవయసువాళ్ళలో ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరు రెండేళ్ళలోపు చనిపోతున్నారనీ, ముందునుంచీ ఉన్న జబ్బులతో ఆ మరణాలను వివరించలేమనీ 2016లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. వీళ్ళ మరణ ధ్రువపత్రాల్లో న్యుమోనియా అనో గుండె ఆగిందనో ఉంటుంది. సెప్సిస్ లెక్కలోకి రారు.

4. పక్క బెడ్ రోగి మీద. రక్షణ లేని ఒంట్లో మొండి క్రిమి తిష్ట వేస్తే అది అక్కడితో ఆగదు. చేతుల మీదుగా, స్టెతస్కోప్ మీదుగా, బెడ్ పక్క రైలింగ్ మీదుగా పాకుతుంది. ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో, సంపన్న దేశాల్లో 7గురికి, తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో 15 మందికి ఆసుపత్రిలోనే కనీసం ఒక ఇన్ఫెక్షన్ అంటుకుంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

5. భయంలో ఉన్నవాళ్ళ మీద. డాక్టరు చెప్పని చోట బజారు చెబుతుంది. ఇమ్యూనిటీ పెంచే పొడి, టానిక్కు, ఇంజెక్షన్ అంటూ డిశ్చార్జి అయిన మర్నాటినుంచే సలహాలు మొదలవుతాయి. ఇవి డబ్బు దండగ అనే అనుకునేవాణ్ణి, కానీ సంగతి అంతకన్నా పెద్దది. ఐసీయూ రోగులకు గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చి చూసిన ట్రయల్‌లో (2013, 1,223 మంది) గ్లూటమిన్ తీసుకున్నవాళ్ళలోనే మరణాలు పెరిగాయి. సెప్సిస్ రోగులకు ఎక్కువ మోతాదులో విటమిన్ సీ ఎక్కించిన ట్రయల్‌లో (2022) 28 రోజులకు మరణం లేదా అవయవ వైఫల్యం 44.5 శాతం మందిలో కనిపించగా, ఇవ్వనివాళ్ళలో అది 38.5 శాతమే. ఇవి నిపుణుల చేతుల్లో, కొలిచి ఇచ్చిన మందులు. ఎవరో అమ్మిన డబ్బాలో ఏముందో ఎవరికి తెలుసు?

ఒక అభ్యంతరం, దానికి జవాబు

ఈ సమస్యను మీరు అతిగా చూపిస్తున్నారు అని నాతో ఒక సీనియర్ వైద్యుడు అన్నారు. ఆయన చూపించిన అధ్యయనం మంచిదే. 2016లో నెదర్లాండ్స్‌లోని రెండు ఐసీయూల నుంచి వచ్చింది. సెప్సిస్ రోగుల్లో 13.5 శాతం మందికే ఐసీయూలో కొత్త ఇన్ఫెక్షన్ వచ్చింది, సెప్సిస్ లేనివాళ్ళలోనూ దాదాపు అంతే. 60 రోజుల్లోపు జరిగిన మరణాల్లో ఆ ఇన్ఫెక్షన్లకు అంటగట్టగలిగింది సుమారు 10.9 శాతం. సెప్సిస్ తర్వాత చనిపోయేవాళ్ళందరినీ రెండో ఇన్ఫెక్షనే చంపుతోందని నేను అనడం లేదు. ఆ మాట ఈ అంకెల ముందు నిలవదు.

కానీ ఆ లెక్క ఇన్ఫెక్షన్ నియంత్రణలో ప్రపంచంలోనే ముందున్న దేశానిది. చేతులు కడుక్కునే సింకు వార్డుకు ఒకటి ఉన్న చోట, ఒక నర్సు నలుగురు వెంటిలేటర్ రోగులను చూసే చోట అంకె అదే ఉంటుందని ఎవరైనా హామీ ఇస్తారా? పైగా అది ఐసీయూలో వచ్చిన ఇన్ఫెక్షన్ల లెక్క, ఇంటికి వెళ్ళాక వచ్చినవి అందులో లేవు. ఇక పదింట ఒక మరణం చిన్న సంగతి అయితే, పెద్దది ఏదో నాకు తెలీదు.

మేము అడుగుతున్నవి

1. సీబీపీ రిపోర్టులో లింఫోసైట్ల శాతంతో పాటు అసలు సంఖ్య తప్పనిసరిగా ముద్రించండి. సెప్సిస్ రోగిలో నాలుగో రోజు, ఆ తర్వాత వారానికి కనీసం రెండుసార్లు దాన్ని చూడాలి. 1,000 లోపు ఉంటే రిపోర్టులో గుర్తు పడాలి, 600 లోపే నిలిచిపోతే ల్యాబ్ నుంచి వార్డుకు ఫోన్ వెళ్ళాలి. పొటాషియం ప్రమాదకరంగా పెరిగితే మేం ఎలాగూ ఫోన్ చేస్తున్నాం, ఇదీ అలాగే. ఆ ఫోన్ రాగానే ఏదో మందు మొదలుపెట్టమని కాదు. ఈ మనిషి రక్షణ తక్కువగా ఉన్న రోగి అని కేస్ షీట్ మీద కనబడాలి, కింద చెప్పినవన్నీ ఆయన విషయంలో మరింత గట్టిగా అమలు కావాలి.

2. గొట్టాల మీద రోజూ ప్రశ్న వేయండి. సెంట్రల్ లైన్, యూరిన్ క్యాథెటర్, వెంటిలేటర్ ట్యూబ్, వీటిలో ప్రతిదీ చర్మం, గొంతు, మూత్రనాళం లాంటి సహజమైన అడ్డుగోడను దాటి క్రిములకు దారి ఇస్తుంది. లోపలి కాపలా పడిపోయినప్పుడు బయటి గోడే మిగిలిన రక్షణ. "ఇది ఈరోజు ఎందుకు ఉంది?" అన్న ప్రశ్నకు రౌండ్స్‌లో జవాబు చెప్పలేకపోతే తీసేయాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు ఐదే ఐదు పనులను చెక్‌లిస్టుగా పెట్టుకున్నాయి. చేతులు కడుక్కోవడం, లైన్ వేసేటప్పుడు పూర్తి స్టెరైల్ గౌను, గుడ్డలు, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక ద్రావణం, వీలైతే తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. 2006లో ఫలితాలు ప్రచురించారు. లైన్ వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి, ఏడాదిన్నర పాటు అలాగే నిలిచాయి. అందులో కొత్త మందు ఒక్కటి కూడా లేదు. ఒక విషయం మాత్రం ఉంది, డాక్టరు ఒక మెట్టు వదిలేస్తే ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. మన ఐసీయూల్లో కష్టమైనది బహుశా ఇదే.

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తడం, మత్తు మందును రోజూ తగ్గించి మెలకువ వస్తుందేమో చూడడం, వీలైనంత త్వరగా కూర్చోబెట్టడం. ఇవి అందరికీ తెలిసినవే. తెలిసినా జారిపోయేది పళ్ళు తోమడం. 15 ట్రయల్స్‌ను కలిపి చూసి 2023 చివర్లో వెలువడిన సమీక్షలో, రోజూ బ్రష్‌తో పళ్ళు తోమిన రోగుల్లో ఆసుపత్రి న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గింది, ఐసీయూ మరణాలు కూడా తగ్గాయి. టూత్‌బ్రష్! దీనికి కూడా దరఖాస్తు పెట్టుకోవాలా? ఆ బ్రష్ పట్టే చేయి కావాలంటే నర్సుల సంఖ్య పెంచాలి. యాజమాన్యాలు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవాలని మనవి.

3. యాంటీబయాటిక్‌ను సమయానికి మొదలుపెట్టినంత పట్టుదలగా సమయానికి ఆపండి. అవసరం దాటి సాగిన ప్రతి రోజూ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను తుడిచేస్తుంది, ఆ ఖాళీలో మొండి క్రిములు, క్యాండిడా కూర్చుంటాయి. రక్తంలో బ్యాక్టీరియా ఉన్న 3,608 మందితో ఏడు దేశాల్లో చేసిన బ్యాలెన్స్ ట్రయల్ 2024లో వచ్చింది. 7 రోజుల కోర్సు తీసుకున్నవాళ్ళలో 90 రోజుల మరణాలు 14.5 శాతం, 14 రోజులవాళ్ళలో 16.1 శాతం. తక్కువ రోజుల కోర్సు ఏమాత్రం తీసిపోలేదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ ఉన్నవాళ్ళను, రక్షణ శక్తి తీవ్రంగా పడిపోయిన ట్రాన్స్‌ప్లాంట్ లాంటి రోగులను అందులో చేర్చలేదు. లోపల చీము గడ్డ మిగిలితే అది వేరే సంగతి. ఆ తేడా వైద్యులకు నేను చెప్పాల్సిన పని లేదు. "సేఫ్టీ కోసం" అనే కారణం మాత్రం కేస్ షీట్‌లో ఇక కనిపించకూడదు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తీవ్రతను సూచించే ప్రొకాల్సిటోనిన్ రక్త పరీక్ష అందుబాటులో ఉంటే ఆపే నిర్ణయానికి వాడుకోండి. బ్రిటన్‌లో 2,760 మందితో జరిగిన ట్రయల్‌లో దానివల్ల మందు దాదాపు ఒక రోజు తగ్గింది, మరణాలు పెరగలేదు.

4. డిశ్చార్జి రోజు ఇంట్లోవాళ్ళకు వాళ్ళ భాషలో ఒక కాగితం ఇవ్వండి, కూర్చోబెట్టి చదివి వినిపించండి. సెప్సిస్ గురించి రోగికీ కుటుంబానికీ నోటిమాటగానూ రాతపూర్వకంగానూ చెప్పాలని 2021 నాటి సర్వైవింగ్ సెప్సిస్ అంతర్జాతీయ మార్గదర్శకాలే సూచించాయి. ఆ కాగితంలో ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు: "కొన్ని వారాల నుంచి నెలల దాకా మీ రోగనిరోధక శక్తి తక్కువగా ఉండవచ్చు. జ్వరం గానీ, ఒళ్ళు చల్లబడడం గానీ, వణుకు, ఆయాసం, మాట తడబడడం, మనిషి అయోమయంగా ఉండడం, మూత్రం తగ్గడం, చర్మం మచ్చలుగా మారడం, వీటిలో ఏది కనిపించినా రివ్యూ తేదీ దాకా ఆగకండి, వెంటనే రండి. వచ్చాక 'నాకు ఇంతకుముందు సెప్సిస్ వచ్చింది' అని మొదటే చెప్పండి." కింద ఒక ఫోన్ నంబరు. ఆ నంబరుకు మనిషి జవాబు చెప్పాలి.

5. రివ్యూ అంటే కుట్లు చూసి పంపడం కాదు. మొదటి వారంలోనే ఒక ఫోన్, నెలలోపు సీబీపీతో పరీక్ష, ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు ఇంతకుముందు వేయించుకున్నారో లేదో చూసి వయసును బట్టి వేయడం. నమలడం, మింగడం సరిగా వస్తోందా అని కూడా చూడండి. వెంటిలేటర్ నుంచి వచ్చినవాళ్ళలో తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవడమే చాలాసార్లు తర్వాతి న్యుమోనియాకు దారి.

6. ఆరోగ్య శాఖలకు: లెక్క పెట్టించండి. సెప్సిస్ తర్వాత ఐసీయూలో ఎన్ని కొత్త ఇన్ఫెక్షన్లు, 90 రోజుల్లోపు ఎందరు తిరిగి చేరారు, ఎందరు పోయారు అన్నవి ప్రతి ఆసుపత్రీ నమోదు చేయాలి, ప్రజలకు చూపాలి. చట్టంతో ఇది సాధ్యం కాదనే మాట ఒప్పుకోను. 2012లో రోరీ స్టాంటన్ అనే 12 ఏళ్ళ బాలుడు సకాలంలో సెప్సిస్ గుర్తించక చనిపోతే, ఆ తల్లిదండ్రుల పోరాటంతో న్యూయార్క్ రాష్ట్రం 2013లో సెప్సిస్ నిబంధనలు తెచ్చింది. ప్రతి ఆసుపత్రీ ప్రొటోకాల్ పెట్టుకోవాలి, ఫలితాలు ప్రభుత్వానికి చెప్పాలి. పైన నేను చెప్పిన గంటకు 4 శాతం లెక్క పుట్టింది ఆ నివేదికల నుంచే. ఆ నిబంధనలు మొదటి గంటలకు తెచ్చిన క్రమశిక్షణ తర్వాతి వారాలకూ రావాలి.

7. పరిశోధన సంస్థలకు: రక్షణ కణాలను తిరిగి లేపే మందులను సరైన రోగుల మీద, తగినంత మందితో పరీక్షించండి. దశాబ్దాల పాటు సెప్సిస్ మందులన్నీ మంటను అణచడానికే తయారయ్యాయి, దాదాపు అన్నీ విఫలమయ్యాయి. 2001లో అనుమతి పొందిన జైగ్రిస్ అనే సెప్సిస్ మందును 2011లో మార్కెట్ నుంచి తీసేశారు. రెండో ముఖం మీద, అంటే కూలిన రక్షణను తిరిగి లేపే మందుల మీద, ప్రయత్నాలు జరిగాయి కానీ చాలావరకు చిన్నచిన్నవి. లింఫోసైట్లను పెంచే ఇంటర్‌ల్యూకిన్-7ను 27 మందితో పరీక్షిస్తే లింఫోసైట్లు మూడు నాలుగు రెట్లు పెరిగాయి (2018). మనుషులు ఎక్కువమంది బతుకుతారా అన్నది తేల్చడానికి 27 మంది సరిపోరు కదా. మోనోసైట్లను చురుకు చేసే జీఎమ్-సీఎస్ఎఫ్ 2009లో 38 మంది మీద ఆశ చూపింది. తర్వాత ఫ్రాన్స్‌లో పెద్దగా తలపెట్టిన ట్రయల్ రోగులు చేరక 98 మందితోనే ఆగిపోయింది, ఇన్ఫెక్షన్లలో తేడా తేలలేదు. రక్షణ కణాలను ప్రేరేపించే థైమోసిన్ ఆల్ఫా-1ను చైనాలో వెయ్యి మందికి పైగా మీద చూశారు. 2025లో వచ్చిన ఫలితం: 28 రోజుల మరణాల్లో స్పష్టమైన తేడా లేదు.

దీన్నుంచి కొందరు ఈ దారి మూసుకుపోయిందని అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. థైమోసిన్ ట్రయల్‌లో రోగులను ఎంచుకున్నది సెప్సిస్ ఉందా లేదా అని చూసి, రక్షణ పడిపోయిందా అని చూసి కాదు. మంట ఎగసిపడుతున్న రోగికీ, చచ్చుబడిన రోగికీ ఒకే ఇంజెక్షన్ ఇస్తే ఫలితం తేలకపోవడంలో వింత లేదు. ముందు కొలవాలి. మోనోసైట్ల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ కొలిచే పరీక్ష ఉంది, కానీ ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరిశీలించే మెషిన్) కావాలి, శాంపిల్ కొద్ది గంటల్లోనే చల్లగా ల్యాబ్‌కు చేరాలి, ఆలస్యమైతే అంకె మారిపోతుంది. రాత్రి 2 గంటలకు తీసిన శాంపిల్ పొద్దున షిఫ్ట్ దాకా కౌంటర్ మీద కూర్చుంటే ఆ రిపోర్టుకు విలువ లేదు, ఇది మా ల్యాబ్‌వాళ్ళ బాధ. బెడ్ పక్కనే చేయగల చవకైన పరీక్ష కావాలి. నిధులు ముందు దానికి ఇవ్వండి. ట్రయల్స్‌ను వసతులు లేని పెద్ద ఆసుపత్రుల్లోనూ జరపండి, రోగులు ఎక్కువగా ఉన్నది అక్కడే.

8. ఆసుపత్రి ఫార్మసీల్లో సెప్సిస్ రోగుల బంధువులకు ఇమ్యూనిటీ బూస్టర్ల పేరుతో ఏదీ అమ్మకుండా ఆపండి.

వీటిలో మొదటిది అమలు చేయడానికి ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ మారిస్తే చాలు. రెండు, మూడు, నాలుగు, ఎనిమిది అంశాలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆసుపత్రి సూపరింటెండెంట్ సంతకం ఉంటే సరిపోతుంది. అయిదు, ఆరు అంశాలకు ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. ఏడోదానికి ఏళ్ళు పడుతుంది, అందుకే ఇవాళే మొదలుకావాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోపు, ఎనిమిది అంశాల్లో మీ పరిధిలోకి వచ్చే ప్రతిదానికీ విడివిడిగా సమాధానం కోరుతున్నాను. చేస్తాం అంటే ఏ తేదీ నుంచో చెప్పండి. చేయలేం అంటే ఎందుకో రాయండి. దరఖాస్తు నంబరు మాత్రం వద్దు, అది నా దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది.

ఇట్లు,
ఒక ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్